విరగాల్సిన పాదం

క్లాసులో ఆమెను అందరూ పిన్ని అనేవారు. అలా పిలిచే హక్కు నిజానికి ఒక్క పిల్లకే ఉంది. ఆ పిల్ల ఆమె అక్క కూతురు. ఇద్దరూ బయోఇంజనీరింగ్ డిగ్రీలో ఒకే ఏడాది చేరి, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మొదటిరోజు ఆ పిల్ల "పిన్నీ, పెన్నుందా?" అంది. మర్నాడు వెనక బెంచీ వాళ్ళు కూడా పెన్ను కోసం పిన్నినే అడిగారు. నెల తిరక్కుండా పాఠం చెప్పే మేడమ్ సైతం హాజరు పిలుస్తూ నోరు జారి "పిన్నిగారు" అంది. పిన్ని లేచి "వచ్చానండీ" అంది. ఎవరూ నవ్వలేదు. అప్పటికే అది ఆమె పేరైపోయింది.

పిన్ని పని కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేయడం. పెద్దాసుపత్రి వెనక, బట్టలు ఉతికే గదికీ జనరేటర్ గదికీ మధ్య ఒక పొడుగాటి షెడ్డు ఉంది. ఒక మూల ఓవెన్, ఇంకో మూల సానపట్టే చక్రం. మధ్యలో కొత్త కాలితో నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకునే రెండు ఇనుప కమ్మీలు, వాటి చివర నిలువుటద్దం. అన్నిటి మీదా ప్లాస్టర్ దుమ్ము. పిన్ని వయసులో ఉండగా ఆ దుమ్ము ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ చూసేది. చూస్తూ చూస్తూ ఒకరోజు చీపురు గోడకి ఆనించి, ఒకాయన కాలికి ప్లాస్టర్ కట్టు చుడుతుంటే చెయ్యి అందించింది. మళ్ళీ ఆ చీపురు ఎవరు తీశారో ఆమెకి తెలియదు. పెళ్ళిమాట ఎవరైనా ఎత్తితే తీరిక లేదనేది. అది సాకు కాదు. నిజంగానే తీరిక లేదు.

ఆరిన కట్టులో ప్లాస్టర్ పోస్తే, తెగిన కాలిలో మిగిలిన భాగానికి అచ్చు వస్తుంది. బరువు మోసేచోట ఆ అచ్చును చెక్కాలి. ఎముక తగిలేచోట మెత్తాలి. ఓవెన్‌లో పెట్టిన ప్లాస్టిక్ షీటు పాలరంగు పోయి నీళ్ళరంగు తేలినప్పుడు తీసి, అచ్చు మీద కప్పాలి. ఇదంతా పిన్ని చేతికి తెలుసు. ఆ చేతికి ఇంకొకటి కూడా తెలుసు. ఎక్కడ సన్నగా కనిపించినా అక్కడ ఫైబర్ గుడ్డ ముక్క పరిచి, రెజిన్ జిగురు పూసి, గట్టిచేయడం. ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించేది. అలాగైతే లేవవు.

కాలు ఎవరు చేసినా, దాన్ని తొడుక్కున్న మనిషి షెడ్డు గుమ్మం దాటాలంటే ఒకరు సంతకం పెట్టాలి. ఈ కాలి మీద బరువు వెయ్యొచ్చు అని ఆ సంతకానికి అర్థం. మొదటినుంచీ అది షెడ్డు మేస్త్రి పెట్టేవాడు. ఒకరోజు పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. ఇప్పుడున్న మేస్త్రి రిటైరయ్యేదాకా ఆయన సంతకం చెల్లుతుంది. ఆ తరవాత బయోఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళ సంతకమే చెల్లుతుంది.

"మీరు వెళ్ళిపోతే ఎవరు పెడతారు?" అని పిన్ని అడిగింది.

"డిగ్రీ ఉన్నవాళ్ళెవర్నో బయటనుంచి వేస్తారు."

"మరి నేనో?"

"నువ్వు చేస్తావు, వాళ్ళు చూస్తారు. కాదంటే వాళ్ళు చేస్తారు, నువ్వు ఊడుస్తావు."

మేస్త్రి మంచివాడు. ఉన్నమాట అనేయడం తప్ప వేరే దురలవాటు లేదు. ఆయనకి ఇంకా నాలుగేళ్ళ పైచిలుకు సర్వీసు ఉంది. డిగ్రీ నాలుగేళ్ళు. పిన్ని వేళ్ళు మడిచి చూసుకుంది. ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఉంటే సరిపోతుంది.

పనిచేసేవాళ్ళ కోటాలో సీటొచ్చింది. అదే ఏడు అక్క కూతురికీ అదే కాలేజీలో అదే సీటొచ్చింది. అక్కా వాళ్ళది కింది వాటా, పిన్నిది మేడ మీద గది. ఆ రోజు అక్క ముందు మేడెక్కి, "చిన్నపిల్ల, దాన్ని కాస్త కనిపెట్టుకునుండవే" అని చెల్లెలికి చెప్పింది. తరవాత కిందికి దిగి, "పెద్దది, దానికి ఈ చదువులేం తెలుస్తాయి, పిన్నిని కాస్త కనిపెట్టుకునుండు" అని కూతురికి చెప్పింది. దాంతో నాలుగేళ్ళూ ఇద్దరూ ఒకరిని ఒకరు కాపలా కాస్తూ బస్సెక్కారు.

డిగ్రీకి ఏమేం చదవాలో ఒక పెద్ద కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. పిన్ని దాన్ని పనిముట్ల బీరువా తలుపు లోపల అంటించింది. అందులో డబ్బాల్లో పేర్లున్నాయి, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి బాణాలున్నాయి. లెక్కలు దాటకుండా భౌతికశాస్త్రం చదవకూడదు. అది దాటకుండా పదార్థాల బలం చదవకూడదు. రసాయనం దాటకుండా జీవకణం జోలికి పోకూడదు. క్లాసులో కుర్రాళ్ళు ఆ బాణాల్ని చూసి తలలు పట్టుకున్నారు. పిన్నికి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. ప్లాస్టర్ ఆరకముందే దాని మీద షీటు కప్పేవాళ్ళు ఉంటారా?

లెక్కలు ఆమెను ఏడిపించాయి. అక్క కూతురు మేడమెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేది. "పిన్నీ, ఇది ఎంత ఉందని కాదు, ఎంత వేగంగా మారుతోందని." "మారుతోందని తెలుస్తూనే ఉంది కదే, మళ్ళీ లెక్కెందుకు?" "పరీక్షలో అడుగుతారు కాబట్టి." ఆ జవాబు పిన్నికి నచ్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. రసాయనం బాగానే వచ్చింది, రెజిన్ ఎందుకు వేడెక్కుతుందో అందులో ఉంది కాబట్టి. పదార్థాల బలంలో ఇంకా బాగా వచ్చింది. దూలాల బొమ్మలు గీసి, బాణాలు పెట్టి, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో రాయాలి. చక్కగా రాసింది. ఆ జవాబుపత్రం అక్క చూసి, ముగ్గులేమో అనుకుంది.

బయోఇంజనీరింగ్ చదివేవాళ్ళు దానికి సంబంధం లేనిది కూడా ఒకటి చదవాలని ఆ కాగితంలోనే ఉంది. పిన్ని శిల్పాల చరిత్ర తీసుకుంది. ఆ క్లాసు మధ్యాహ్నం, చీకటిగదిలో, కుర్చీలకి మెత్తలుండేవి. తెర మీద చేతుల్లేని రాతిబొమ్మలు, ముక్కుల్లేని రాతిముఖాలు ఒకదాని తరవాత ఒకటి వచ్చేవి. పిన్ని సగం నిద్రలో చెయ్యెత్తి, "అన్నీ విరిగే ఉన్నాయి, ఎవరూ బాగుచెయ్యలేదేంటండీ?" అని అడిగింది. పాఠం చెప్పేవాడు లైటు వేసి, ఇది చాలా లోతైన ప్రశ్న అన్నాడు. ఆ సబ్జెక్టులో ఆమెకి క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. జవాబు మాత్రం రాలేదు.

అలా చివరి ఏడు చివరి భాగానికి వచ్చింది. తలుపు మీది కాగితంలో అన్ని డబ్బాలూ కొట్టేసి ఉన్నాయి. ఒక్కటి మిగిలింది. రూపకల్పన. ఇద్దరు చొప్పున జట్టుగా ఏదో ఒక పరికరం తయారుచేసి, మేడమ్ ముందు పరీక్షకి పెట్టాలి. ఆ సబ్జెక్టు ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. తప్పితే మళ్ళీ ఏడాదే. అప్పటికి మేస్త్రి ఉండడు.

పిన్నికి బెంగ లేదు. ఎందుకంటే వాళ్ళ జట్టు పరికరం పాదం. పిన్నీ, అక్క కూతురూ కలిసి చెయ్యాలి. పిల్ల లెక్కలు కడుతుంది, పిన్ని తయారుచేస్తుంది. పాదం లోపల వంపు తిరిగిన పలక ఒకటి ఉంటుంది. నడిచేటప్పుడు అది విల్లులా వంగి, మడమ లేవగానే మనిషిని ముందుకి నెడుతుంది. కింద అరికాలిగా రబ్బరు. అలాంటివి మూడు చెయ్యాలి, మూడూ ఒకేలా ఉండాలి. ఎంత బరువుకి ఎక్కడ విరుగుతుందో ముందే లెక్కగట్టి రాసివ్వాలి. తరవాత యంత్రంలో పెట్టి విరిచి, రాసింది ఎంతవరకు నిజమైందో, కాకపోతే ఎందుకు కాలేదో చెప్పాలి.

పిల్ల వారం రోజులు కూర్చుని లెక్కగట్టింది. వేళ్ళ వెనక, పలక కావాలనే కొంచెం సన్నగా ఉండేలా గీసింది. విరిగితే అక్కడే విరగాలి. పిన్ని ఆ గీత ప్రకారమే మూడు పలకలు పోసింది. చెక్కింది. సానపట్టింది. పిల్ల వచ్చి కొలిచి చూసి, "పిన్నీ, నువ్వు బంగారం" అని వెళ్ళిపోయింది. ఇక రబ్బరు అతికించడమే మిగిలింది. పిన్ని ఒక్కతే సాయంత్రం ఎండలో కూర్చుని అతికించింది.

పరీక్ష కాలేజీ నేలమాళిగలో జరిగింది. యంత్రం ఒక ఇనుప చట్రం. పైనుంచి ఒక దిమ్మె మెల్లిగా దిగుతూ పాదం మునివేళ్ళను నొక్కుతుంది. పక్కన తెర మీద ఒక గీత పైకి పాకుతుంది. విరిగినప్పుడు ఆ గీత ఒక్కసారిగా కిందికి పడాలి.

మొదటి పాదం పెట్టారు. గీత పాకింది. పిల్ల రాసిచ్చిన అంకె వచ్చింది. దాటింది. పిల్ల కాగితం కేసి చూసింది, తెర కేసి చూసింది. గీత ఇంకా పాకుతూనే ఉంది. చివరికి యంత్రమే కీచుమని ఆగిపోయింది. దాని శక్తి అంతవరకే.

వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పిన్ని చీరకొంగు సవరించుకుంది.

"రెండోది పెట్టండి" అంది మేడమ్. రెండోదీ విరగలేదు. మూడోదీ విరగలేదు. ఇంతలో చప్పట్లు ఆగిపోయాయి. పిల్ల ముఖం పాలిపోయింది.

మేడమ్ ఒక పాదం తీసుకుని, చాకుతో అరికాలి రబ్బరు ఊడదీసింది. కింద, పలక సన్నగా ఉండాల్సినచోట, ఫైబర్ గుడ్డ ముక్క నున్నగా అతుక్కుని ఉంది. మిగతా రెండూ ఊడదీసింది. వాటికీ ఉన్నాయి.

"ఇవి ఎవరు వేశారు?"

పిన్ని వంగి చూసింది. "నేనే అయ్యుండాలి."

"అయ్యుండడమేంటండీ?"

"వేసినట్టు గుర్తులేదు. కానీ మూలలు ఇలా గుండ్రంగా కత్తిరించేది నేనే."

"మూడింటికీ వేశారు."

"మూడూ ఒకేలా ఉండాలన్నారు కదండీ."

మేడమ్ పిన్నికన్నా చిన్నది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "సరే, ఇప్పుడు మీ రిపోర్టులో ఏం రాస్తారు?"

"విరగలేదని రాస్తాం."

"ఎందుకు విరగలేదని?"

"నేను గట్టిచేశాను కాబట్టి."

"అది మీ గురించండీ. మీరు పాదం గురించి రాయాలి."

మేడమ్ మార్కుల గడిలో సున్నా వేసింది. కాసేపు ఆలోచించి, పెన్సిలుతోనే వేశానని చెప్పింది. వచ్చే శుక్రవారం యంత్రం ఖాళీగా ఉంటుంది. కొత్తగా మూడు తెచ్చుకోవచ్చు. ఈసారి అయ్యాక ఇద్దర్నీ విడివిడిగా ప్రశ్నలడుగుతుంది. ఇదే ఆఖరు.

ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చారు. మెట్ల దగ్గర పిల్ల నిలేసింది.

"అక్కడ సన్నగా ఉంచింది నేను. కావాలని!"

"సన్నగా ఉంటే విరుగుతుంది కదే."

"విరగాలనే కదా పిన్నీ!"

"విరిగేదాన్ని ఎవరైనా చేస్తారా?"

"చేసి, విరిచి చూడాలని ఆ కాగితంలోనే రాసుంది. నీ బీరువాకే అంటించుకున్నావు. నాలుగేళ్ళ నుంచి రోజూ చూస్తున్నావు. నీ చేతులకి తాళం వెయ్యాలసలు."

వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏం విరిగిందే అక్కడ?"

"ఏమీ విరగలేదమ్మా, అదే గొడవ!"

"విరక్కపోతే ఇంకేం, కాళ్ళు కడుక్కుని రండి."

మర్నాడు పిన్ని కొత్త పలకలు పోసింది. ఈసారి పిల్ల కాలేజీ మానేసి షెడ్డులో స్టూలేసుకుని కూర్చుంది. పిన్ని చెయ్యి ఫైబర్ గుడ్డ ఉన్న బీరువా అర వైపు వెళ్ళినప్పుడల్లా గొంతు సవరించుకుంది. పలకలు గట్టిపడి, పిన్ని చెక్కి సానపట్టగానే, ఆ వేడి ఇంకా తగ్గకముందే, పిల్ల వాటిని తువ్వాలులో చుట్టి సంచీలో వేసుకుంది. రబ్బరు కూడా తనే అతికిస్తానంది.

"నీకు రాదే."

"రాకపోయినా పరవాలేదు."

పలకల సంగతి అలా తేలింది. ప్రశ్నల సంగతి తేలలేదు. అక్కడే ఎందుకు విరుగుతుందని అడిగితే పిన్ని చెప్పగలగాలి. పిల్ల ఆ స్టూలు మీదనుంచే చెప్పింది.

"గట్టిగా ఉన్నచోటు వంగదు పిన్నీ. మెత్తగా ఉన్నచోటు వంగుతుంది. ఆ రెండూ కలిసే గీత ఉంటుంది చూడు, ఒత్తిడంతా అక్కడికొచ్చి పడుతుంది. తెగితే అక్కడే తెగుతుంది. నువ్వు ముక్క వేసినచోట బాగానే ఉంటుంది. దాని అంచు పక్కన పోతుంది."

"నేను వేసిన ముక్క ఎప్పుడూ పోలేదు."

"ముక్క పోదు. అదే చెప్తున్నా. పక్కన పోతుంది. మీ దగ్గరకి విరిగినవి వస్తాయి కదా, ఎప్పుడూ చూళ్ళేదా?"

"విరిగినవాటిలో చూడ్డానికేముంది? కొలత తీసుకుని డ్రమ్ములో పడేస్తాం. కొత్తది చేస్తాం."

పిల్ల నిట్టూర్చి, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

గురువారం పొద్దున పోస్టుమాన్ వచ్చాడు. షెడ్డుకి ఆయన పాత చుట్టం. ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. సైకిలు తొక్కుతాడు, మెట్లెక్కుతాడు, కుక్కలొస్తే పరిగెడతాడు, అందుకని అందరికన్నా తొందరగా పాదాలు అరగదీస్తాడు. కమ్మీల పక్కన బల్ల మీద కూర్చుని, కాలు ఊడదీసి పిన్ని చేతిలో పెట్టాడు. పాదం ముందుభాగం వేలాడుతోంది.

"మళ్ళీ పోయిందమ్మా. మొన్ననేగా గట్టిచేశారు."

"మీరు దూకుతారు."

"దూకలేదు. నడిచాను. ఉత్తరాలు వాటంతటవి వెళ్ళవు కదా."

కొత్తది చేసేదాకా నడవడానికి అతుకేద్దామని, పిన్ని రెజిన్ డబ్బా మూత తీసింది. ఫైబర్ గుడ్డ తీసింది. కత్తెర తీసింది. ముక్క కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసింది. అరికాలి రబ్బరు ఊడదీసి, పలక మీద ఆ ముక్క పెట్టబోయి, చెయ్యి ఆపింది.

అక్కడ పోయినసారి వేసిన ముక్క ఉంది. నాలుగు గుండ్రటి మూలలూ చెక్కుచెదరలేదు. గోరుతో గీకినా లేవలేదు. పలక దాని అంచు వెంబడే తెగింది. స్కేలు పెట్టి కోసినట్టు తెగింది.

పిన్ని పాదాన్ని బల్ల మీద పెట్టి, వెనక వరండాలోకి వెళ్ళింది. డ్రమ్ము వంచి బోర్లించింది. పాదాలు దొర్లుకుంటూ నేల మీద పడ్డాయి. పెద్దవాళ్ళవి, చిన్నవాళ్ళవి, ఎడమవి, కుడివి. చాకు తీసుకుని గచ్చు మీద కూర్చుంది. ఒక్కొక్కదానికీ రబ్బరు ఊడదీసింది. ముక్క వెయ్యనివి ఒక పక్క, వేసినవి ఒక పక్క పెట్టింది. వేసినవన్నీ ముక్క పక్కనే విరిగి ఉన్నాయి.

శబ్దానికి మేస్త్రి టీగ్లాసుతో బయటికొచ్చాడు. "ఏంటిది, పాతసామాన్ల వాడికి బేరం పెట్టావా?"

పిన్ని ఒకటి తీసి చూపించింది. రెండోది చూపించింది. మేస్త్రి మూడోది అడగలేదు. గుమ్మం మీద కూర్చున్నాడు.

"అన్నీ నీవేనా? నావి కూడా ఉన్నాయా?"

"మీవి చదరపు మూలలు. ఇవిగో."

"అవీ అంతేనా?"

"అంతే."

మేస్త్రి ఒకదాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇన్నాళ్ళూ ముక్క లేచిందా లేదా అనే చూశాం."

"అది లేవలేదు."

"లేవలేదు" అని ఆయన ఒప్పుకున్నాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగాడు.

లోపలనుంచి పోస్టుమాన్ గొంతు వినిపించింది. "అమ్మా, నేనింకా ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ వెళ్ళలేను కూడా."

పిన్ని వెళ్ళి ఆయనకి అరువు పాదం ఒకటి బిగించింది. విరిగినదాన్ని తిరిగివ్వలేదు. గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుంది.

శుక్రవారం నేలమాళిగలో మొదటి పాదం పెట్టారు. పిల్ల అతికించిన రబ్బరు ఒక పక్కకి వంకరగా ఉంది. పిన్ని అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. గీత పాకింది, పిల్ల రాసిన అంకె దగ్గరికొచ్చింది, కిందికి పడింది. పిల్ల ఎగిరి గంతేసింది. రెండోది కూడా అక్కడికి కాస్త అటూఇటూగా పడింది.

"మూడోది మీరు నొక్కండి" అంది మేడమ్.

పిన్ని బొత్తాం దగ్గర నిలబడింది. ఆ పాదాన్ని తనే పోసింది, తనే చెక్కింది. ఎవరి కాలికీ కాదు. ఎవరూ దాని మీద వీధి దాటరు. ఆ మాట రెండుసార్లు మనసులో అనుకుని నొక్కింది. దిమ్మె దిగింది. పలక వంగింది. వేళ్ళ వెనక, సన్నం మొదలయ్యే గీత దగ్గర, ముందు ఒక తెల్లటి వెంట్రుకలాంటి గీత మెరిసింది. ఆమె దానికేసి చూస్తుండగానే అది పెద్దదైంది. తరవాత చిన్న శబ్దం వచ్చింది. బీరువా తలుపు మూసినంత కూడా లేదు.

ముక్కలు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తను చేసిందాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

పిల్లని అడగడం తొందరగానే అయిపోయింది. తరవాత పిన్ని లోపలికెళ్ళింది.

"అక్కడే ఎందుకు విరిగింది?"

"గట్టిగా ఉన్నదీ, మెత్తగా ఉన్నదీ కలిసేచోటు అదేనండీ." సంచీలోంచి పోస్టుమాన్ పాదం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నేను చేసింది. ఇక్కడ గట్టిచేశాను. ఇదిగో, పక్కన విరిగింది. డ్రమ్ములో ఇలాంటివి చాలా ఉన్నాయి."

మేడమ్ దాన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు. "ఇది రెండో ఏడు పుస్తకంలో ఉంది కదండీ. దూలాల పాఠంలో."

"ఉందండీ. చదివాను. పరీక్షలో రాశాను కూడా."

"మార్కులు?"

"బాగానే వచ్చాయి."

"మరి?"

పిన్ని పాదాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టింది. "అది దూలాల గురించి అనుకున్నానండీ."

మేడమ్ పెన్సిలు అంకె చెరిపి, పెన్నుతో ఇంకో అంకె వేసింది. అది పెద్ద అంకేమీ కాదు. పాసుకి సరిపోయింది. పిన్ని లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మొదట్లో మీరు చప్పట్లు ఆపించలేదు. అప్పుడే తెలుసా మీకు?"

"యంత్రం ఆగినప్పుడే తెలిసింది. మీరంత సంతోషంగా ఉంటే, మూడూ అయ్యాక చెబుదామనుకున్నాను, పిన్నిగారూ."

మేస్త్రి నెలాఖరున రిటైరయ్యాడు. ఆఖరిరోజు తన చదరపు మూలల పాదం ఒకటి డ్రమ్ములోంచి ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. ఎందుకని అడిగితే, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటానన్నాడు.

పిన్ని డిగ్రీ చేతికొచ్చాక పోస్టుమాన్ కొత్త పాదం కోసం వచ్చాడు. పిన్ని దాన్ని కొత్తగా చేసింది. ఫైబర్ గుడ్డ ముక్క ఎక్కడా వెయ్యలేదు. పలక ఎక్కడా ఒక్కసారిగా సన్నబడకుండా, మడమ నుంచి వేళ్ళ దాకా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. అరికాలి రబ్బరులో, వేళ్ళ వెనక, అగ్గిపెట్టెంత కిటికీ కోసింది. అందులోంచి పలక కనిపిస్తుంది.

"ఇదేంటి, చిల్లు పడింది" అన్నాడు పోస్టుమాన్.

"చూసుకోవడానికి."

"ఈసారిది విరగదు కదమ్మా?"

"విరుగుతుంది."

పోస్టుమాన్ మేస్త్రి కుర్చీ వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది.

"విరుగుతుందా?"

"వెనకటివాటికన్నా ఎక్కువే మన్నుతుంది. కానీ విరుగుతుంది." పాదం తిప్పి కిటికీ మీద వేలు పెట్టింది. "ఇక్కడ. విరిగేముందు సన్నటి తెల్లగీత వస్తుంది. బూటు వేసుకునేటప్పుడు రోజూ చూసుకోండి. కనబడగానే వచ్చెయ్యండి."

"వస్తే గట్టిచేస్తారా?"

"చెయ్యను. కొత్తది వేస్తాను."

"ఇదివరకు ఏమీ కాదు, వెళ్ళండి అనేవారు."

"ఇదివరకు నాకు తెలీదు."

ఆయన కమ్మీల మధ్య అద్దం దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. "నడక మాత్రం బాగానే ఉంది" అన్నాడు, కాస్త నిష్ఠూరంగా.

పిన్ని కాగితం తీసింది. మేస్త్రి పెట్టేచోట ఇప్పుడు ఆమె సంతకం పెట్టాలి. పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. అక్కడ అసలు పేరు రాయాలి. చాలాకాలంగా ఎవరూ పిలవని పేరు. రాసింది. పోస్టుమాన్ దాన్ని తలకిందులుగానే చదివేశాడు. ఆయన పనే అది.

"మీ పేరు ఇదా? ఈ పేరుకి ఒక్క ఉత్తరం ఇచ్చినట్టు కూడా గుర్తులేదే."

"ఎవరూ రాయలేదు."

ఆయన సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గరకి వెళ్ళాక ఆగాడు. గోడ పట్టుకుని, ఎడమ బూటు విప్పి, పాదం పైకెత్తి కిటికీలోకి చూసుకున్నాడు. ఇంకా ఏమీ లేదు. మళ్ళీ వేసుకుని, లేసు బిగించుకుని, వీధిలోకి దిగాడు.